రెండు టిక్కుల రహస్యం

ఆయన్ని కంపెనీలో అందరూ స్టెతస్కోపు గారు అంటారు. లిఫ్టుల మరమ్మతులో ముప్పై ఒక్కేళ్ల అనుభవం. ఎక్కడ లిఫ్టు మొరాయించినా ఆయన వెళ్లి, పొడవాటి స్క్రూడ్రైవరు కొనను మోటారుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. ఆ సమయంలో పక్కన ఎవరైనా దగ్గితే ఒక కన్ను మాత్రం తెరిచి చూస్తారు. దగ్గు అక్కడికక్కడే నయమైపోతుంది.

అలాంటి మనిషికి ఒక ఆదివారం పొద్దున్నే పెద్ద చిక్కు వచ్చిపడింది. మేనేజరు ఆయన ఫోనుకి ఒక లింకు పంపాడు. ఈ మేనేజరు మాట్లాడితే ఒక లింకు, మాట్లాడకపోతే రెండు లింకులు పంపే రకం. అందుకే అతనికి లింకులాయన అని పేరు స్థిరపడిపోయింది.

లింకు నొక్కగానే ఖాళీ పేజీ ఒకటి తెరుచుకుంది. దాని పేరు ‘మన అనుభవాల పుస్తకం’. కంపెనీలో ఉన్న నలభై ఆరుగురు మెకానిక్కుల ఫోన్లలోనూ అదే పేజీ. ఒకరు రాస్తుంటే మిగతావాళ్లందరికీ అక్షరం అక్షరం కనిపిస్తుంది. సీనియర్లు తమకు తెలిసిందంతా అందులో రాయాలని, కొత్తవాళ్లు చదివి నేర్చుకోవాలని, అర్థం కానిది పక్కనే అడగాలని లింకులాయన ఉత్తర్వు. మొదటి అధ్యాయం స్టెతస్కోపు గారిదే. ‘అంతస్తుల మధ్య ఆగిపోయే లిఫ్టు.’

ఆయనకి గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ ఒక్క జబ్బుకీ ఊరంతటికీ ఆయనొక్కరే వైద్యుడు. వాన పడ్డ రోజుల్లో పాత భవనాల లిఫ్టులు ఉన్నట్టుండి మధ్యలో ఆగిపోతాయి. మెకానిక్కులు వెళ్లి విప్పి చూసేసరికి అన్నీ బాగానే ఉంటాయి. వాళ్లు గేటు దాటగానే మళ్లీ ఆగిపోతాయి. చివరికి స్టెతస్కోపు గారికి కబురు వెళ్తుంది. ఆయన మెకానిక్కులందరినీ బయటికి పంపేసి, గంటలో బాగు చేసి, చేతులు తుడుచుకుంటూ బయటికొస్తారు. ఎలా చేశారని అడిగితే నవ్వుతారు.

కిందటి నెల ఆ నవ్వుకి కాస్త మచ్చ పడింది. ఆయన కళ్ల డాక్టరు దగ్గర కళ్లలో చుక్కలు వేయించుకుని, ఫోను ఆపేసి కూర్చున్న రోజునే తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు ఆగింది. ఎనిమిదో అంతస్తులో ఉండే నడవలేని పెద్దావిడని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి నలుగురు కుర్చీతో సహా మోసుకుంటూ దిగారు. ఆ నలుగురిలో ఒకామె కంపెనీలో కొత్తగా చేరిన మెకానిక్కు. అంతకుముందు పదేళ్లు ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే కొట్టు నడిపింది. ఏం చెప్పినా “ఎందుకండీ?” అనడం ఆమె అలవాటు కాబట్టి ఆమె పేరు ఎందుకండీ. మర్నాడు ఆమె స్టెతస్కోపు గారికి ఫోన్ చేసి ఆ కిటుకేదో చెప్పమని అడిగింది. అనుభవం మీద అదే వస్తుందని ఆయన చెప్పారు.

చెప్పారన్న మాటేగానీ ఆ రోజంతా ఆయనకి అన్నం సయించలేదు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్న ఆయన ఒక ఉపాయం పన్నారు. పేజీలు నిండాలి, విషయం బయటపడకూడదు. చాలా గ్రాంథికంగా మొదలుపెట్టారు. ‘లిఫ్టు ఆగినచో కారణము కనుగొనవలెను. కారణము కనుగొనిన పిదప దానిని సరిచేయవలెను. సరిచేసిన పిదప లిఫ్టు నడుచును.’ రాసినదాన్ని మళ్లీ చదువుకుని, ఇందులో ఎవడూ ఏమీ నేర్చుకోలేడని తృప్తిగా తలాడించారు.

కానీ ఆయన బొటనవేళ్లు నట్లు బిగించడానికి పుట్టినవి. ఫోనులో ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి. ‘తాడు అరిగిపోయినచో వెంటనే మార్చవలెను’ అని ఆయన రాస్తే, ఫోను సొంత తెలివి ఉపయోగించి ‘తాత అరిగిపోయినచో వెంటనే మార్చవలెను’ అని దిద్దింది. నిమిషంలో పక్కన ఎవరో అడిగారు, ఇది ఎవరిని ఉద్దేశించి రాశారని. ఇంకొకరు తాము ఎప్పటినుంచో ఇదే కోరుతున్నామన్నారు.

ఆయన నాలుక కరుచుకుని ఆ వాక్యం కొట్టేశారు. టైపు మానేసి, మైకు బొమ్మ నొక్కి, నోటితో చెబితే ఫోనే రాసుకునే పద్ధతికి మారారు. ఫోను భోజనాల బల్ల మీద, గ్లాసుకి ఆనించి నిలబెట్టారు. మైకు ఎర్రగా వెలిగింది.

బల్లకి అవతల ఆయన భార్య ఒకటో తరగతి పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుతోంది. ఆవిడ టీచరు. ఇరవై ఆరేళ్లుగా, ఎంతకీ నోరు విప్పని పిల్లలచేత మాట్లాడించడమే ఆవిడ ఉద్యోగం. పై పరీక్ష ఒకటి రాయడానికి మరో పదిమంది టీచర్లతో కలిసి చదువుతోంది. పదకొండు మందికీ ఫోనులో ఒకే నోట్సు. ఆ సంగతి ఆయనకి తెలుసుగానీ, అదేదో ఆడవాళ్లు కబుర్లు చెప్పుకునే చోటని ఆయన అభిప్రాయం.

“లిఫ్టు ఆగుటకు అనేక కారణములు గలవు,” అని ఆయన ఫోనుకి చెబుతుండగా ఆవిడ తల ఎత్తకుండానే అంది.

“మోటారు పాడయ్యే ఆగుతుంది కాబోలు.”

ఆయనకి ఒళ్లు మండింది. “మోటారా? నువ్వూ అదే అనుకుంటున్నావా? ఆ లింకులాయన కూడా అంతే. అతనికి లిఫ్టులో బటన్ నొక్కడం తప్ప ఇంకేమీ రాదు. మోటారుకేం రోగం, రాయిలా ఉంటుంది. జబ్బంతా తలుపుల్లో ఉంటుందోయ్.”

“తలుపుకీ, లిఫ్టు ఆగడానికీ ఏంటండీ సంబంధం?”

“ప్రతి అంతస్తు తలుపుకీ లోపల ఒక లాకుంటుంది. అన్ని తలుపులూ మూసి ఉన్నామని చెబితేనే లిఫ్టు కదులుతుంది. ఒక్కటి మాట్లాడకపోయినా ఉన్నచోటే ఆగిపోతుంది.”

“మా క్లాసులో హాజరు పిలిచినట్టన్నమాట. ఒకడు పలక్కపోతే నేను పాఠం మొదలుపెట్టను.”

ఆయన ఆగి ఆలోచించారు. ముప్పై ఒక్కేళ్లలో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదనిపించింది. ఒప్పుకోవడం ఇష్టంలేక, “ఇంచుమించు” అన్నారు.

“మరి పలకనిది ఏ తలుపో ఎలా తెలుస్తుంది?”

ఇక ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నారు. ఇంత శ్రద్ధగా ఆవిడ తన పని గురించి అడిగి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. తలుపు మూసుకునేటప్పుడు రెండు టిక్కులు వినబడాలని చెప్పారు. మొదటిది తలుపుది, రెండోది లోపలున్న చిన్న రాగిముక్కది. చెమ్మ పట్టినప్పుడు రాగిముక్క మీద సన్నటి పొర కడుతుంది, అప్పుడు రెండో టిక్కు మెత్తబడుతుంది. వాచ్‌మన్ని లిఫ్టు నడపమని చెప్పి తాను మెట్లెక్కుతూ ప్రతి అంతస్తులోనూ వింటారు. మెత్తగా వినబడిన చోట కరెంటు కట్టేసి ఆ రాగిముక్క తుడిస్తే పని అయిపోయినట్టే. మెత్తగా అంటే ఎలా ఉంటుందని ఆవిడ అడిగితే నాలుకతో చేసి వినిపించారు. టక్ టక్ మంచిది. టక్ టప్ చెడ్డది. ఆవిడకి అర్థం కాలేదంటే మళ్లీ చేశారు. నాలుగుసార్లు చేశారు.

“మరి మోటారుకి స్క్రూడ్రైవరు పెట్టి వింటారుగా, అదెందుకు?”

ఆయన కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. “అదంతా మర్యాద కోసమోయ్. జబ్బేంటో మెట్ల మీదే తెలిసిపోతుంది. ఊరికే తుడిచి వచ్చేస్తే ఇంతేనా అంటారు.”

ఆవిడ ఎర్ర పెన్సిలు కింద పెట్టింది. “తొమ్మిదంతస్తులు ఎక్కి దిగి వచ్చి రాత్రంతా మోకాళ్లు పట్టుకుని మూలుగుతారే. కిందటి నెల ఫోన్ చేసి అడిగిన ఆ పిల్లకి ఇదే చెప్పేస్తే పోయేదిగా.”

ఆయన బల్ల మీద గోటితో గీతలు గీశారు.

“నాకొచ్చింది ఇదొక్కటేనోయ్. ఇది కూడా ఇచ్చేస్తే ఇక నన్నెవరు పిలుస్తారు?”

ఆవిడ లేచి వెళ్లి ఆయనకి టీ పెట్టుకొచ్చింది.

టీ తాగుతూ ఆయన ఫోను వైపు చూశారు. మైకు ఇంకా ఎర్రగానే ఉంది. తెర నిండా అక్షరాలు. కింద నుంచి పైకి చదువుకుంటూ వెళ్లారు. ‘ఇక నన్నెవరు పిలుస్తారు.’ ‘మర్యాద కోసమోయ్.’ ‘టక్ టప్ చెడ్డది.’ ‘లింకులాయన కూడా అంతే.’ పేజీ మూలన చిన్న అంకె ఒకటి ఉంది. ఇప్పుడు చదువుతున్నవారు నలభై ఆరుగురు.

ఆయన అంతా ఎంచుకుని ఒక్క దెబ్బకి కొట్టేశారు. హమ్మయ్య అనుకునేలోపు మొత్తం మళ్లీ ప్రత్యక్షమైంది. మళ్లీ కొట్టేశారు, మళ్లీ వచ్చింది. ఎవరో అవతల కాచుక్కూర్చుని వెనక్కి తెస్తున్నారు. ఏడోసారి కూడా వచ్చాక ఫోను భార్య ముందు పెట్టి, దీన్ని శాశ్వతంగా చెరిపే మార్గం చెప్పమని బతిమాలారు.

“చెరగదండీ,” అంది ఆవిడ. “ఎవరు ఏ నిమిషాన ఏం రాశారో, ఏం తీసేశారో అన్నీ అందులోనే ఉంటాయి. ఇదిగో చూడండి. స్టెతస్కోపు గారు తొలగించారు, ఎందుకండీ గారు పునరుద్ధరించారు. ఏడుసార్లు ఉంది.”

ఆయనకి అప్పుడు అనుమానం వచ్చింది. ఇవన్నీ నీకెలా తెలుసన్నారు. తమ పదకొండు మంది నోట్సు కూడా ఇలాంటిదేనని ఆవిడ చెప్పింది.

“అయితే మైకు వెలుగుతున్న సంగతి నీకు ముందే తెలుసా?”

“ఎర్రగా కనిపిస్తూనే ఉందిగా.”

“మరి చెప్పలేదేం?”

“మీరు అంత బాగా చెబుతున్నారు. మధ్యలో ఆపడం ఎందుకని,” అంటూ ఆవిడ ఇంకో కాపీ పుస్తకం తెరిచింది.

ఆ మధ్యాహ్నమంతా ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. ముప్పై ఒక్కేళ్ల పరువు మీద నలభై ఆరుగురు నవ్వుకుంటూ ఉంటారని ఊహించుకున్నారు. సాయంత్రానికి ఉండబట్టలేక, ఒక కన్ను మూసుకుని పేజీ తెరిచారు. నవ్విన గుర్తులు ఒకటి రెండు ఉన్న మాట నిజమే. స్క్రూడ్రైవరు పక్కన ఒకరు దండం పెట్టే బొమ్మ పెట్టారు. బటన్ నొక్కడం గురించిన వాక్యం పక్కన లింకులాయన చాలా మర్యాదగా, ‘ఈ వాక్యం అవసరమా, పరిశీలించగలరు’ అని రాశాడు.

‘ఇక నన్నెవరు పిలుస్తారు’ అన్నచోట మాత్రం ఎవరూ ఏ బొమ్మా పెట్టలేదు. దాని పక్కన ఎందుకండీ ఒక్కతే రాసింది. పొడుగ్గా, వరసగా, పదిహేడు ప్రశ్నలు. ఏ తలుపుకి ఎంత చెమ్మ, రాగిముక్క దేనితో తుడవాలి, టప్ కీ టక్ కీ మధ్యలో ఇంకో చప్పుడు ఉంటుందా. చివర్లో ఇలా ఉంది: ‘సార్, ఇవన్నీ అయ్యేదాకా మిమ్మల్ని పిలుస్తూనే ఉండాలి. ఆ తర్వాతకి ఇంకో పదిహేడు సిద్ధం చేస్తాను.’

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కళ్లజోడు శుభ్రంగానే ఉంది.

గురువారం వాన పడింది. తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు ఆగిందని పదకొండింటికి పేజీలో కబురు కనిపించింది. స్టెతస్కోపు గారు బూట్లు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, ఫోను చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు. పావుగంట గడిచింది. ఎవరూ పిలవలేదు. ఇరవై నిమిషాలకి ఎందుకండీ రాసింది. ఆరో అంతస్తు, టక్ టప్, తుడిచాం, ఇప్పుడు టక్ టక్.

ఆయన బూట్లు విప్పుకుంటూ, ఎక్కడానికి మెట్లు లేకుండా ఒక వానరోజు గడిచి ఎన్నేళ్లయిందో లెక్కవేయబోయి, గుర్తురాక మానేశారు. మోకాళ్లు మాత్రం హాయిగా ఉన్నాయి. ఆ సంగతి భార్యకి చెప్పకూడదని నిశ్చయించుకుని, ఆవిడ బడినుంచి రాగానే చెప్పేశారు.

లింకులాయనకి ఉత్సాహం ముదిరి, ఆ అధ్యాయాన్ని తెలుగు బాగా వచ్చిన ఒక పెద్దాయన చేత శుభ్రమైన భాషలోకి మార్పించాడు. టీచరు గారి ప్రశ్నలు, ఓయ్‌లు, అండీలు తీసేసి, అంతా వరసగా పేర్చారు. కొత్తవాళ్లు చదివి ఒక్క ముక్క అర్థం కాలేదన్నారు. దాంతో పాతదే ఉంచేశారు. ఇప్పుడు కొత్తగా చేరిన మెకానిక్కులంతా లిఫ్టు ఆగగానే ముందు హాజరు పిలుస్తారట. అలాగే అంటారు, హాజరు అని.

నెల తిరిగేసరికి స్టెతస్కోపు గారిని శిక్షణ గదిలో పాఠం చెప్పమని కంపెనీ పిలిచింది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జుట్టు నున్నగా దువ్వుకుని, చెప్పాల్సినవన్నీ దారి పొడవునా మనసులో వల్లించుకుంటూ వెళ్లారు. గదిలో ముప్పైమంది ఫోన్లు తెరిచి, పేజీ సిద్ధంగా పెట్టుకుని ఉన్నారు. ఆయన్ని చూసి గౌరవంగా లేచి నిలబడ్డారు. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. గొంతు సవరించుకుని, “లిఫ్టు ఆగుటకు అనేక కారణములు గలవు,” అని ఘనంగా ప్రారంభించారు.

ఎవరూ రాసుకోలేదు. అందరూ ఆయన వెనక తలుపు వైపే చూస్తున్నారు. ముందు వరసలో కూర్చున్న ఎందుకండీ చెయ్యెత్తి, మొహమాటంగా అడిగింది.

“సార్, టీచరు గారు రాలేదా అండీ?”