ఇనుము, సిమెంటు, నాన్న

ఆగాగు అమ్మలూ, అంత గబగబా రాస్తే నా మాట నాకే అందదు. ముందు ఇది పెట్టు: లోకంలో ఏ వంకరనైనా సరిచేసే ముందు, అది ఎవరి వంకరో విచారించుకోవాలి. ఆ, అంతే. కింద గీత కూడా గియ్యి.

మీ అమ్మ శిల్పాల ప్రదర్శన సంగతి నీకు తెలిసిందే. పదకొండేళ్లు తిరిగితే ఆ గ్యాలరీ వాళ్లిచ్చిన మొట్టమొదటి ఏకవ్యక్తి ప్రదర్శన. అర్థం లేనితనం గురించట. మధ్య గదిలో చెక్క పలక మీద నా భుజమంత ఎత్తు సిమెంటు గోడ, దానికో ఇనప తలుపు, తలుపు తీస్తే మళ్లీ గోడ. (ఇలాంటిది నేను కట్టి ఉంటే ఇంటివాళ్లు నన్నే అందులో పెట్టి మూసేవాళ్లు.) అదంతా సరే, గోడ రెండంగుళాలు ఒరిగింది. నలభై ఏళ్లు తాపీ పట్టినవాణ్ని, చూస్తూ ఎలా ఊరుకుంటాను? జేబులో నిలువు చూసే గుండూ దారం ఉండనే ఉన్నాయి. పలక కింద చెక్కముక్క పెట్టి, చెప్పుతో నాలుగు దెబ్బలు వేసి నిటారుగా నిలబెట్టాను.

మర్నాడు గ్యాలరీ యథాస్థితి పరిరక్షణాధికారి వచ్చాడు. ఆ ఒరుగుడే కళట.

"సరే బాబూ, చెక్కముక్క తీసేస్తాను."

"వీల్లేదండీ. తీస్తే రెండోసారి చెయ్యి పెట్టినట్టు. ఇప్పటికే ఈ గోడకి ఇద్దరు కళాకారులయ్యారు. ఇద్దరుంటే ఏకవ్యక్తి ప్రదర్శన కాదు. సాయంత్రానికి తాళం వేసేస్తాం."

మీ అమ్మ ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఎందుకు ముట్టుకున్నావు నాన్నా?"

"ఒరిగింది కదే!"

"అలా ఒరగడానికి నాకు నెల పట్టింది!"

అధికారి పాపం మంచివాడు, ఫారం బయటికి తీశాడు. అందులో మూడు గళ్లు: కళాకారుడు, సందర్శకుడు, సామగ్రి. మొదటిదైతే ప్రదర్శన పోతుంది. రెండోదైతే ముట్టుకున్నందుకు కేసు, విచారణ అయ్యేదాకా మళ్లీ తాళమే. మూడోదాంట్లో వేలిముద్ర వేశాను. (నాకు సంతకం వచ్చు. సామగ్రి సంతకం చెయ్యకూడదట.) గోడ పక్క చీటీ మార్చారు: 'ఇనుము, సిమెంటు, నాన్న.'

అప్పట్నుంచి పదింటి నుంచి ఆరింటిదాకా గోడ పక్కనే కూర్చుంటున్నాను. రోజూ ఒకమ్మాయి వచ్చి మా ముగ్గురి తేమ కొలిచి రాసుకుంటుంది. నేను తుమ్మితే 'స్వల్ప మార్పు' అని నమోదు. మొన్న ఒకాయన నా ముందు గంటసేపు నిలబడి, "ఎంత శూన్యం!" అని కళ్లు తుడుచుకున్నాడు. నేనప్పుడు భోజనం గురించి ఆలోచిస్తున్నాను.

జనం పెరిగారు, ప్రదర్శన పొడిగించారు. నన్ను తిరిగి మనిషిగా గుర్తించమని అర్జీ పెట్టుకున్నాను. అన్నీ సక్రమంగా ఉన్నాయట, కళాకారిణి సంతకం ఒక్కటే తక్కువ. అడిగితే మీ అమ్మ రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి, చాలాసేపు చూసింది.

"ఇంకో నెల ఉండు నాన్నా. గదికి భలే కుదిరావు."

తన చెల్లెలింట్లో ఉన్న మీ అమ్మమ్మకి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించు. ఆవిడ వచ్చి అడిగితే మీ అమ్మ సంతకం పెడుతుందేమో. కానీ లోపలికొచ్చాక దేన్నీ సర్దొద్దని గట్టిగా చెప్పు. ఎదురు మూల బోసిగా ఉందని మీ అమ్మ నిన్ననే అంది.