తప్పంతా బోల్టుదే!

ఈ కాలం మనిషికి దక్కిన గొప్ప వరం ఏమిటని ఎవరైనా అడిగితే, గోడకు బిగించే బోల్టుల్లో ఇన్ని రకాలు దొరకడమేనని బల్లగుద్ది చెప్తాను. నవ్వకండి! ఇంకా గోడకు మేకులు కొట్టుకుంటున్న అమాయకులైతే పేజీ తిప్పేయండి.

మా అత్తగారు లలితమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. కోలుకునేదాకా ఫలక్‌నుమాలో మా ఇంట్లోనే ఉంటున్నారు. బాత్‌రూంలో లేచేటప్పుడు పట్టుకోవడానికి గోడకు ఒక స్టీలు హ్యాండిల్ కావాలి. జారిపడితే మళ్లీ ఆపరేషనేనని డాక్టరు బెదిరించాడు. ఒక్క హ్యాండిల్! అదేమన్నా పనా?

పనే! హార్డ్‌వేర్ షాపు భాయ్ నా కళ్లు తెరిపించాడు. స్క్రూ పట్టు కోసం కన్నంలో దిగ్గొట్టే ప్లాస్టిక్ గిట్టీలు, ఇనుప గిట్టీలు, బిగిస్తే లోపల విచ్చుకునే బోల్టులు, కన్నంలో పిండే గమ్ము! "గోడ ఇటుకదా, కాంక్రీట్‌దా సాబ్?" అని అడిగాడు. ఆ గోడల మధ్య కాపురం చేస్తున్నాను గానీ, వాటి కులగోత్రాలు నాకేం తెలుసు?

ఇల్లు కట్టిన కాంట్రాక్టరుకే ఫోన్ చేశాను. ఆయన ఎవరో కాదు, నా భార్య నందిని తమ్ముడు వెంకటనారాయణ.

"అన్నీ కలిపి కట్టిన బావా! ఫికర్ చెయ్యకు, ఏనుగును కట్టేసినా కదలది" అన్నాడు.

ఆ మాటే భాయ్‌కి చెప్పాను. "గట్లయితే అన్ని రకాలు తీస్కపోండి సాబ్, ఏదో ఒకటి పడ్తది" అన్నాడు. ఎంత దయగల మనిషి!

డ్రిల్ ఆనించగానే గోడ ఎంత మర్యాదగా దారిచ్చిందో! ఇసుక జలజలా రాలింది. గిట్టీ వేలితో లాగితే వచ్చేసింది. తప్పు గిట్టీది! విచ్చుకునే బోల్టు పెట్టాను. అది విచ్చుకుంది, దాంతోపాటు గోడా విచ్చుకుంది. తప్పు బోల్టుది! ఎంత బరువైనా మోస్తుందని డబ్బా మీద లావుగా రాసుంది. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'గోడ గట్టిదైతే' అని కూడా ఉంది. ఇంత జాగ్రత్తగల కంపెనీలను తప్పుపట్టగలమా?

చివరికి గమ్ము పోసి బిగించాను. ఆదివారం వెంకటనారాయణ వచ్చాడు. "అమ్మా, చూడు, మస్తు గట్టిగున్నది!" అంటూ హ్యాండిల్ పట్టుకుని వేలాడాడు. హ్యాండిల్, బోల్టులు, టైలు, గోడలో ఒక పెచ్చు, అన్నీ ఆయనతోపాటే కిందికి వచ్చాయి.

లేస్తూనే, "గీ బోల్టు ఎవడిచ్చిండు బావా? నిన్ను మంచిగ ముంచిండు!" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నందిని నా చెయ్యి గిల్లింది. లలితమ్మగారు చేతికర్ర ఆనుకుని, కన్నంలోంచి ఇంకా రాలుతున్న ఇసుకను చూశారు. తర్వాత కొడుకు ముఖం చూశారు.

"నడుము పట్టేసిందా బిడ్డా?" అన్నారు. నావైపు తిరిగి, "బోల్టే మంచిది కాదు అల్లుడా. ఇంకోటి తెద్దువు గని" అన్నారు.

ఇప్పుడు అర్థమైందా ఆ వరం విలువ? బజార్లో ఒకే రకం బోల్టు ఉంటే, అది ఊడిన రోజున గోడను అనాలి. గోడను అంటే కట్టినవాణ్ణి అనాలి. కట్టినవాడు మన పక్కనే కూర్చుని అన్నం తినే బామ్మర్ది అయితే? ఆ గోడలో పడాల్సిన సిమెంటు ఎటు పోయిందని అడిగే నోరు మా ఇంట్లో ఎవరికుంది? అందుకే రేపు ఇంకో రకం తెస్తాను. బోల్టు కంపెనీలు చల్లగా ఉండాలి!

లలితమ్మగారు మాత్రం ఇప్పుడు స్నానానికి వెళ్తే నందినిని లోపలికి పిలుచుకుంటున్నారు. లేచేటప్పుడు కూతురి భుజం పట్టుకుంటారు. కొడుకు కట్టిన గోడవైపు పొరపాటున కూడా చెయ్యి చాపరు.