బొక్కల ఫోటో

రాళ్ళ ఆరోగ్యం విషయంలో సూరత్ నగరం ఇకమీదట నిశ్చింతగా ఉండవచ్చు. హజీరా దారిలోని శిలాంతరంగ పరిశోధన కేంద్రంలో సున్నపురాళ్ళకు ఎక్స్‌రే తీసే మిషన్ ప్రారంభమైంది. సముద్రం అడుగున తవ్వి తీసిన బొటనవేలంత రాయిని దూదిలో చుట్టి, ఏసీ కారులో తెస్తారు. వచ్చిన వెంటనే లోపలికి తీసుకుంటారు. రేపు రమ్మనడం, ఆధార్ జిరాక్సు అడగడం వంటివి ఉండవు. మిషన్ ముందు రాయి మెల్లగా ఒక చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టులో రెండు వేల ఫోటోలు తీస్తారు. వెంట్రుక కన్నా సన్నని సందు కూడా తప్పించుకోలేదు. ఆ సందుల్లో గ్యాసు ఎంత పడుతుందో, ఎటు పారుతుందో లెక్క కడతారు. సందులు ఎక్కువున్న రాయికి మర్యాద ఎక్కువ.

ఈ శుభవార్తను ఊరి చివర వడోద్ బస్తీలోని తెలుగు కార్మికులకు మాతృభాషలోనే అందించాలని కేంద్రం శాస్త్రవేత్త మురళీకృష్ణ గారు నిశ్చయించారు. వారిది గుంటూరు వైపు. పెద్దవాళ్ళుండే అడాజన్‌లో ఫ్లాటు. ఆదివారం స్కూలు వరండాలో మైకు పెట్టించి మమ్మల్నందరినీ కూర్చోబెట్టారు. మావాళ్ళంతా కరీంనగర్, సిరిసిల్ల వైపు వాళ్ళు.

"రంధ్రాలు అంటే మీకు అర్థం కాదు. అందుకని మామూలు మాటల్లో చెబుతాను," అన్నారు వారు. "పైకి ఎంత గట్టిగా కనబడినా లోపలంతా బొక్కలే. మా మిషన్ ప్రతి బొక్కకూ ఫోటో తీస్తుంది. ఎంత చిన్న బొక్కయినా సరే. ఈ దేశం భవిష్యత్తు బొక్కల మీదే ఆధారపడి ఉంది."

మేం చప్పట్లు కొట్టాం. గుంటూరులో బొక్క అంటే కన్నం. కరీంనగర్‌లో బొక్క అంటే ఎముక. ఈ చిన్న తేడాను సభలో ఎవరూ పట్టించుకోలేదు. దేశం తమ ఎముకల మీద ఆధారపడి ఉందని మావాళ్ళకు ముందే తెలుసు. ఆ సంగతి మైకులో ఒప్పుకున్న మొదటి పెద్దమనిషి ఈయనే.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టవలసిన గంగవ్వ కొట్టలేకపోయింది. ఆమె బట్టల మార్కెట్‌లో చీరల మూటలు మోస్తుంది. పది రోజుల కింద మూటతో సహా మెట్ల మీద పడింది. కుడి మణికట్టు బూరెలా పొంగింది. సేఠ్ దయగలవాడు. సోమవారం సాయంత్రంలోగా ఎముక విరిగినట్టు ఫోటో తెస్తే, కూర్చుని స్టిక్కర్లు అంటించే పని ఇస్తానన్నాడు. తేకపోతే మూటలు మోయాలి, లేదా మానుకోవాలి. ఉచితంగా ఫోటో తీసే దవాఖానలో మిషన్ పాడై రెండు నెలలైంది. బాగు చేయించడానికి కమిటీ వేశారు. కమిటీ బాగానే ఉంది.

సోమవారం పొద్దున్నే గంగవ్వ అందరికంటే ముందు, ఆమె వెనక మరో నలభై మంది కేంద్రం గేటు దగ్గర లైను కట్టారు. ఎవరి నొప్పి ఉన్నచోట వారు చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. మురళీకృష్ణ గారు బయటికి వచ్చారు.

"ఏంటమ్మా ఇదంతా?"

"మీరే గద సార్ చెప్పింది. నా చెయ్యి బొక్క జర చూడుండ్రి. వీళ్ళయి తర్వాత చూద్దురు," అంది గంగవ్వ.

"అయ్యో, బొక్కలంటే కన్నాలమ్మా. రాతిలో ఉండే కన్నాలు."

"రాయికి నొప్పి లేస్తదా సార్?"

వెనక నుంచి లింగవ్వ అందుకుంది. "ఊకో గంగా. దాన్ని గూడ ఏ సేఠో ఫోటో తెమ్మన్నట్టుంది."

మురళీకృష్ణ గారు ఓపిక గల మనిషి. "ఇది మామూలు రాయి కాదమ్మా. కోట్ల ఏళ్ళ కింద సముద్రంలో చచ్చిన జీవాల గుల్లలు, అస్థిపంజరాలు పేరుకుని గట్టిపడితే ఇలా రాయైంది."

"అంటే ఇవి గూడ బొక్కలే గద సార్," అంది గంగవ్వ. "సచ్చినోళ్ళయి తీస్తున్నరు, బతికున్నోళ్ళయి తియ్యరు. ఎన్నేండ్ల కింద సావాల్నో ముందుగాల్నే చెప్తే గట్లనే వస్తుంటిమి."

ఈ ప్రశ్న వారి స్థాయికి మించినది కాబట్టి పైకి పంపారు. గంటలో డైరెక్టరు గారి ఉత్తర్వు వచ్చింది. మానవులు ఈ కేంద్రం పరిధిలోకి రారు. తగినంత గట్టిపడి రాయి అయిన పిమ్మట దరఖాస్తు చేసుకున్నచో సానుభూతితో పరిశీలించబడును. సానుభూతి అన్న మాటకు లైనులో కొందరు మెత్తబడి ఇంటిదారి పట్టారు.

గంగవ్వ కదలలేదు. "పోనీ ఆ రాయి ఫోటోనన్న ఒకటి ఇయ్యిండ్రి సార్," అంది.

తమ పరిశోధన మీద ఇంత ఆసక్తి చూపిన మనిషి వారికి ఇంతవరకు తగల్లేదు. సంతోషించి, పెద్దది, నిగనిగలాడేది ఒకటి ఇచ్చారు.

మధ్యాహ్నం గంగవ్వ దాన్ని సేఠ్ బల్ల మీద పెట్టింది. ఒక్క అబద్ధం ఆడలేదు. అసలు నోరే విప్పలేదు. సేఠ్ కళ్ళద్దాలు పెట్టుకుని, వెలుతురుకు పట్టి చూశాడు. "ఇస్ మే తో ఛేద్ హీ ఛేద్ హై," అన్నాడు. లోపలంతా కన్నాలేనట. ఎముక ఒకచోట విరిగి ఉంటే స్టిక్కర్ల పని ఇచ్చేవాడే, మాట తప్పే మనిషి కాదు. ఒళ్ళంతా కన్నాలున్న మనిషిని ఏ పనిలో పెట్టుకుంటాడు. ఇంటికి పొమ్మన్నాడు. పరిశోధన ఫలితాలు సామాన్యుడికి చేరడమంటే ఇదే.

సాయంత్రం బస్తీ అంతా గంగవ్వను పరామర్శించడానికి వచ్చింది. అయ్యో పాపం అన్నారు. చాయ్ తాగారు. వెళ్ళేముందు ఒక్కొక్కరే గొంతు తగ్గించి, ఆ మూటల పని ఇంకా ఖాళీగానే ఉందా అని అడిగారు.

ఖాళీ లేదు. నేను చాయ్ కోసం ఆగకుండా మార్కెట్‌కు వెళ్ళి సేఠ్‌తో మాట్లాడి వచ్చాను. మా కోడలి బొక్కలు గట్టివి.