కుర్చీ బండెక్కింది

హనుమంతరావుగారూ, మిమ్మల్నే! ఆ పిల్ల కుర్చీ ముట్టుకోమని మీ సన్మాన సంఘానికి ఎవరు చెప్పారు? శాలువా కప్పి పంపేస్తామన్నారు. మనిషినొకచోట, కుర్చీనొకచోట చేశారు!

ఆ ఉదయం పెర్సిస్ అనుకున్నది చిన్న పని. తాడేపల్లిగూడెంలో చెన్నై బండి ఎక్కాలి, అక్కణ్ణుంచి విమానంలో బ్యాంకాక్ వెళ్ళాలి. వికలాంగుల అంతర్జాతీయ బ్యాడ్మింటన్ పోటీలు. చక్రాల కుర్చీలో ఆడేవాళ్ళలో మన జిల్లా నుంచి ఎంపికైంది ఆమె ఒక్కతే. కోచ్ ఆనంద్ పాల్ సామానుతో ముందే స్టేషనుకు వెళ్ళాడు. ఆమెను మాత్రం దారిలో, కల్యాణమండపం దగ్గర, సంఘం అధ్యక్షుడు హనుమంతరావు ఆపేశాడు.

"అయిదంటే అయిదు నిమిషాలమ్మా. మంత్రిగారు కూడా వచ్చేశారు."

వేదికకి మెట్లే తప్ప వాలు లేదు. పెర్సిస్‌ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పైకి మోశారు. ఆమె ఆటకుర్చీ కిందే ఉండిపోయింది.

ఫ్లెక్సీ మీద చక్రాల కుర్చీల పంపిణీ అని కూడా వేయించి చచ్చారు. ఆ కుర్చీలు తెచ్చే వ్యానేమో టైరు పేలి ఏలూరు దగ్గర ఆగిపోయింది. మంత్రిగారు గడియారం చూస్తున్నారు. అప్పుడు కార్యదర్శి తాతాజీ కంటికి కిందున్న ఖాళీ కుర్చీ కనబడింది. రిబ్బను కట్టేశాడు. ఇక పుచ్చుకునే మనిషి కావాలి. ఆకివీడు చేపల చెరువులో జెల్ల ముల్లు గుచ్చుకుని, ఆస్పత్రిలో కాలికి కట్టు కట్టించుకుని, ఫ్యాను గాలికి మండపంలో కూర్చున్న సత్తియ్య దొరికాడు.

"నాకెందుకండీ కుర్చీ? రెండ్రోజుల్లో తగ్గిపోద్దండీ."

"ఫొటోకి కూర్చోవయ్యా!" అన్నాడు తాతాజీ.

మంత్రిగారు వంగి చూశారు. "చక్రాలు కింద ఎడంగా విచ్చుకున్నాయేంటయ్యా?"

"ఫారిన్ మోడలండి."

పెర్సిస్‌కి తన కుర్చీ కనబడింది. కేక పెట్టింది. "అది నాదండీ!"

"నీకూ ఇస్తాంలేమ్మా. ముందు పేదవాళ్ళకి ఇవ్వనీ," అని హనుమంతరావు మైకులోనే మందలించాడు. జనం చప్పట్లు!

సత్తియ్య ఒక్కడికి అనుమానం వచ్చింది. ఫొటో అవగానే వేదిక దగ్గరికి వచ్చాడు. "ఇది నీదామ్మా?"

"నాదే బాబాయ్! బండొచ్చేస్తోంది. స్టేషన్లో మా సారున్నారు!"

అంతే. సత్తియ్య కుర్చీని తోసుకుంటూ కుంటుతూనే పరుగందుకున్నాడు.

"ఇచ్చి నిమిషం కాలేదు, అమ్ముకోడానికి పోతున్నాడ్రా! పట్టుకోండి!" తాతాజీ అరిచాడు. సంఘం మొత్తం వెంటపడింది. ఊరేగింపు మొదలైందనుకుని బ్యాండువాళ్ళు కూడా వాయిస్తూ పరిగెత్తారు.

ప్లాట్‌ఫారం మీద ఆనంద్ పాల్ చూశాడు: రిబ్బనుతో కుర్చీ, వెనక జనం, బ్యాండు. ఘనంగానే సాగనంపుతున్నారనుకున్నాడు. పెర్సిస్‌ని ఆ గుంపులో ఎవరో ఎత్తుకుని తెస్తున్నారనుకుని, కుర్చీని పెట్టెలోకి లాక్కుని, దారి చెయ్యడానికి లోపలికి వెళ్ళాడు. బండి కదిలింది. వెళ్ళిపోయింది.

"అమ్మాయేదీ?" అన్నాడు హనుమంతరావు, రొప్పుతూ.

బ్యాండు ఆగిపోయింది. అప్పుడు మండపం మీది లౌడ్‌స్పీకరు ఊరంతా వినబడేలా పలికింది.

"ఏవండీ హనుమంతరావుగారండీ, నేనండీ, పెర్సిస్‌ని. ఇంకా స్టేజీ మీదే ఉన్నానండీ. ఎక్కించింది మీరే. దింపేదెవరండీ?"

కాసేపు గరగర.

"ఇక్కడ మంత్రిగారూ నేనే ఉన్నామండీ. వారి కారు అడుగుతున్నానండీ. బెజవాడలో బండి చాలాసేపు ఆగుద్ది కదండీ. ఇస్తానంటున్నారు... ఏవండీ, ఇస్తారు కదండీ?"

స్పీకర్లో మంత్రిగారి దగ్గు వినబడింది. ఊరంతా వింటుంటే కాదనడం ఎలా?

సైరన్ మోగించుకుంటూ వెళ్ళి పెర్సిస్ బెజవాడలో బండి అందుకుంది. మంత్రిగారేమో ఆలస్యంగా వచ్చిన వ్యానెక్కి, పంచాల్సిన కుర్చీల మధ్య ఇరుక్కుని తర్వాతి సభకు వెళ్ళారు.

ఆ వేదికకి ఇవాళ్టికీ మెట్లే. హనుమంతరావుగారూ, వాలు కట్టించండి. రేపూ మాపూ కాదు, ఈ వారమే. ఆ అమ్మాయి తన కుర్చీలో తనే పైకొచ్చాక శాలువా మడత విప్పుదురుగాని.