కాలువ మూతకో అధికారి

"ఇకపై మన పాలనలో ఏ ఫిర్యాదూ అనాథ కాదు" అని మంత్రిగారు ప్రకటించారు. పోర్టల్లో ఫిర్యాదు పడిన వెంటనే దానికొక బాధ్యతాధికారి ఏర్పడతాడు. ముప్పై రోజుల్లో పని తేల్చకపోతే ఆ అధికారికి మూడినట్టే. మంత్రిగారి శాఖలో ప్రెస్ నోట్లు రాసేది నేనే కాబట్టి ఆ ముక్కలూ నావే. అయినా ఆయన నోట వినేసరికి నాకే ఒళ్లు పులకరించింది.

మా వదిన అదే రోజు ఫిర్యాదు పెట్టింది. ఆమె కుట్టుషాపు ముందు మురుగు కాలువ మూత విరిగి ఏడాదైంది. షాపుకొచ్చేవాళ్లలో ఇద్దరు అందులో పడి కాళ్లు విరగ్గొట్టుకున్నారు, మిగతావాళ్లు ఎదురుషాపుకు మళ్లారు. వారం తిరక్కుండా పోర్టల్ జవాబిచ్చింది. బాధ్యతాధికారి అన్నచోట వదిన పేరుంది, ఇంటిపేరుతో సహా.

"ఏమయ్యా, నాకు ఉద్యోగం ఎప్పుడొచ్చింది?" అంది వదిన.

ఆరా తీస్తే అందరిదీ అదే కథ. మంత్రిగారు చలించిపోయి త్రిసభ్య కమిటీ వేశారు. అధికారి గడిలోకి పేర్లు ఏ పట్టికలోంచి వస్తున్నాయో కనిపెట్టడం దాని పని. కమిటీ పదకొండు శాఖలకు లేఖలు రాసింది. అది తమ పరిధిలోకి రాదని పదకొండు శాఖలూ గడువులోపే జవాబిచ్చాయి. అంత చురుకుదనం నేనెన్నడూ చూడలేదు. మూడు వారాలయ్యాక కాంట్రాక్టు ప్రోగ్రామరమ్మాయిని పిలిచారు.

"దీనికి కమిటీ ఎందుకు సార్? గడి ఏ పట్టికను చూస్తోందో పోర్టల్‌ను ఏ సాఫ్ట్‌వేర్ చట్రం మీద కట్టారో ఆ ఫ్రేమ్‌వర్క్‌కే తెలుసు. దాన్నే అడిగితే సరి" అంటూ ఆమె ఒక్క లైను టైపు చేసింది. తెర మీద ఒక్క మాట వచ్చింది: ఫిర్యాదుదారులు.

పోర్టల్ కట్టేటప్పుడు అధికారుల పేర్లు ఇమ్మంటే ఏ శాఖా ఇవ్వలేదట. ప్రారంభోత్సవం ముంచుకొచ్చింది. ఆ గడి ఖాళీగా ఉంటే ఫిర్యాదు లోపలికే పోదు. పేర్లున్న పట్టిక ఫిర్యాదుదారులది ఒక్కటే కాబట్టి గడిని దానికే కలిపేశారు. పోర్టల్లో ఏ అర్జీ పెట్టినా పెట్టినవాడి పేరు అందులో చేరిపోతుంది.

మంత్రిగారు మార్చమన్నారు. ఆ అమ్మాయి గడిని అధికారుల పట్టిక వైపు తిప్పింది. అందులో ఒక్క పేరూ లేదు. గోడమీది బోర్డులో "బాధ్యులున్న ఫిర్యాదులు: వంద శాతం" అన్నది సున్నా అయింది.

"పాతదానికే తిప్పెయ్యమ్మా. పాలనలో ప్రజలకు భాగం ఉండాలని నేను మొదట్నించీ అంటున్నదే" అన్నారు మంత్రిగారు. అంతటి దూరదృష్టికి నా పెన్ను ఆగలేదు.

ముప్పై ఒకటో రోజున వదినకు మెమో వచ్చింది. విధుల్లో నిర్లక్ష్యం చూపినందుకు సంజాయిషీ ఇవ్వాలి, వారంలో కాలువ మూయించకపోతే షాపు లైసెన్సు రద్దు. వదిన ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, అన్నయ్యతో కలిసి సిమెంటు పలక పోయించి కాలువ మీద వేయించింది. పోర్టల్లో "పరిష్కారమైంది" అని పచ్చగా వెలిగింది. ఈ విజయం మీద మంత్రిగారు నలభై నిమిషాలు మాట్లాడారు.

ఆ వారంలోనే ఇంకో ఉత్తర్వు వచ్చింది. వదిన సమర్థతను గుర్తించి, వార్డులో మూతల్లేని మరో పద్నాలుగు కాలువలను అదనపు బాధ్యతగా అప్పగించారు. లైసెన్సు షరతు మాత్రం మారలేదు. పొగిడి పొగిడి ఇంతదాకా తెచ్చిన పాపంలో నా వాటా లేదనలేను.

అదనపు బాధ్యత నెత్తిన పడితే మా ఆఫీసులో వాళ్లు ఏం చేస్తారని వదిన అడిగింది. ఒంట్లో బాగాలేదని సెలవు పెడతారని చెప్పాను. "అయితే నాకూ పెట్టెయ్" అంది. అర్జీ రాసి నా లాగిన్‌తోనే పోర్టల్లో పెట్టాను.

పది నిమిషాల్లో సెలవు మంజూరైంది. వదిన తిరిగి వచ్చేదాకా ఇన్‌ఛార్జి అన్నచోట నా పేరుంది.

మర్నాడు పొద్దున్నే సిమెంటు పలకలు పోసేవాడి దగ్గరికి వెళ్లి పద్నాలుగు కావాలన్నాను. ఎవరి తరఫున అని అడిగాడు. ప్రభుత్వం తరఫున అన్నాను.

"అయితే డబ్బు ముందు కట్టండి" అన్నాడు.