రాయితీకి సరిపడా ఎండ

జంషెడ్‌పూర్ నగర ప్రజలకు, ముఖ్యంగా కాసిడీహ్ మూడో గల్లీ వాసులకు తెలియజేయునదేమనగా, భూగోళం వేడెక్కుతున్న సమస్యను సత్యప్రసాద్ గారు తన నెత్తిన వేసుకున్నారు. ఇక ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

ఈ సంగతిని ఆయన డిసెంబరులో సాక్చి పార్టీ ఆఫీసు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. వినడానికి ఏడుగురు వచ్చారు. అందులో ఇద్దరు తమ చెప్పులు కనబడక ఆగిపోయినవాళ్ళు. ఇక్కడినుంచి ‘గారు’ తీసేద్దాం. ఇంట్లో ఆయనకు అది అలవాటు లేదు.

పార్టీ అతనికి ఇచ్చిన పదవి ‘నగర హరిత సంయోజక్’. అంటే ఊళ్ళో పచ్చదనం వ్యవహారాలు చూసేవాడు. అంతకు ముందు ఇలాంటి పదవి ఒకటుందని ఎవరికీ తెలియదు, ఎందుకంటే లేదు. పద్దెనిమిదేళ్ళుగా జెండాలు మోస్తున్న మనిషి మండల్ అధ్యక్ష పదవి అడిగితే, ఇవ్వలేక, కాదనలేక పెద్దలు కనిపెట్టిన మందు అది. ఆ సంగతి సత్యప్రసాద్‌కి తెలుసు. తెలిసే బిష్టుపూర్ వెళ్ళి ఐదొందల విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నాడు. ఆకుపచ్చ కార్డు మీద ఆకుపచ్చ అక్షరాలు. ఎండలో కాస్త వాలుగా పట్టుకుంటే పేరు కనబడుతుంది.

అప్పుడే ప్రభుత్వం ‘హరిత్ భవన్ ప్రోత్సాహన్’ అని ఒక పథకం పెట్టింది. ఇంటి మీద సోలార్ పలకలు బిగించి కరెంటు వాడకం తగ్గించుకుంటే, పలకల ఖర్చులో సగం సబ్సిడీ, ఇంటి పన్నులో ఐదేళ్ళు రాయితీ. మే నెలలో మంత్రిగారు స్వయంగా వచ్చి తొలి లబ్ధిదారుడి ఇంట్లో స్విచ్చి నొక్కుతారు. ఆ ఇల్లు ఎవరిదైతే మండల్ అధ్యక్ష పదవి వాళ్ళదేనని జిల్లా నాయకుడు సత్యప్రసాద్ భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. మూడు రోజుల పాటు సత్యప్రసాద్ ఆ చొక్కా ఉతకనివ్వలేదు.

జనవరి మొదటి వారంలో ఆ పథకం చూసే శాఖ తరఫున మహతో అనే ఇన్‌స్పెక్టరు ఇల్లు తనిఖీ చేయడానికి వచ్చాడు. రెండు గదులూ, వంటిల్లూ, వరండా, పైన డాబా. అన్నీ చూశాడు. చూస్తున్నకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది.

“ఏసీ ఎక్కడ?”

“లేదు సార్.”

“గీజరు?”

“లేదు.”

“పోనీ కూలర్?”

“అక్కర్లేదండీ. పైన మా నాన్న పందిరి ఉంది. కింద గదులు చల్లగానే ఉంటాయి.”

మహతో డాబా ఎక్కాడు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెదురు పందిరి. దాని నిండా ఆనప పాదు. కింద నులక మంచం మీద ఎనభై నాలుగేళ్ళ ముసలయ్య, సత్యప్రసాద్ తండ్రి, కాలు మీద కాలు వేసుకుని పడుకుని ఉన్నాడు. ఆయన మీద ఎండ పొడ కూడా పడటం లేదు. మహతో కరెంటు బిల్లు తీసి చూశాడు. యాభై ఎనిమిది యూనిట్లు. జబ్బు లేని రోగిని డాక్టరు చూసినట్టు ఆ బిల్లుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సత్య బాబూ, రాయితీ ఇచ్చేది ఇంప్రూవ్‌మెంట్‌కి. ఇల్లు ముందే బాగుంటే ఇక మేం బాగుచేసేదేముంది? ఫారంలో ఈ కాలమ్ చూడండి, ‘ప్రస్తుత దుస్థితి’. ఏం రాయమంటారు?”

“పర్వాలేదు అని రాయండి సార్.”

“పర్వాలేదుకి సబ్సిడీ లేదు. కనీసం మూడొందల యూనిట్లు ఉండాలి, వరసగా మూడు బిల్లులు. డాబా మీద నీడ ఉండకూడదు. మీరు దేశానికి ఎంత నష్టం చేస్తున్నారో ముందు తేలితే కదా, ఎంత లాభం చేశారో మేం చెప్పగలిగేది!”

ఇంకొకడైతే అక్కడితో నీరుగారిపోయేవాడు. కానీ సత్యప్రసాద్ ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు సూపర్‌వైజరుగా చేసినవాడు. అక్కడ గోడకి ‘బిఫోర్–ఆఫ్టర్’ అని ఒక బోర్డు ఉండేది. బాగుచేయక ముందు ఒక ఫోటో, చేసిన తర్వాత ఒక ఫోటో. ఏ షాపు, అంటే కార్ఖానాలో ఏ విభాగం, ఫోటోలు బాగుంటే వాళ్ళకి స్టీలు టిఫిన్ డబ్బా బహుమతి. షాపు ముందే శుభ్రంగా ఉంటే ఏం చేయాలో సత్యప్రసాద్‌కి ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టాడు. నాలుగు బుట్టల తుక్కు తెప్పించి నేల మీద పోయించేవాడు, కాస్త ఆయిలు చల్లించేవాడు, ఫోటో తీయించేవాడు. తర్వాత ఊడిపించి ఇంకో ఫోటో. ఇప్పటికీ వాళ్ళింట్లో పప్పులూ ఉప్పులూ ఉండేది ఆ బహుమతి డబ్బాల్లోనే. దేశం తన ప్రతిభను గుర్తించడానికి ఇంతకాలం పట్టిందే అనుకుంటూ అతను కత్తి తీసుకుని డాబా ఎక్కాడు.

“ఏటిరా సత్తీ, కత్తెట్టుకొచ్చినావు?” అన్నాడు ముసలయ్య.

“పందిరి తియ్యాల నాన్నా.”

“ఏం, పాదుకి తెగులొచ్చిందేటి?”

“లేదు. బాగుంది. అందుకే తియ్యాల.”

ముసలయ్య లేచి కూర్చున్నాడు. “గవర్మెంటోడికి ఇల్లు సల్లగుండాలన్నావు కదరా. ఇది సల్లగా లేదేటి?”

“సల్లగానే ఉంది నాన్నా. కానీ దీనికి ఫారం లేదు.”

ముసలయ్య తలెత్తి పందిరిని చూశాడు. “ముప్పై ఎనిమిదేళ్ళు ఫర్నేసు కాడ నిలబడ్డాన్రా. రిటైరైనాక నాను ఎవుల్నీ ఏటీ అడగలేదు. ఈ పాటి నీడ, అదీ నా సేతుల్తో నాను కట్టుకున్నదే.”

“ఎండలు ముదిరేలోపు పని అయిపోద్ది. పదవి రాగానే ఇనప పందిరి ఏయిత్తాను, ఒట్టు.”

“ఇలా తే కత్తి,” అన్నాడు ముసలయ్య. “నువ్వు కోత్తే కాయలు దెబ్బతింతాయి.”

ఆయనే కోశాడు. ఒక్కొక్క తీగా నిదానంగా, పీటముడి విప్పినట్టు విప్పుకుంటూ కోశాడు. సత్యప్రసాద్‌కి సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది, దాచడానికేమీ లేదు. ఆ సిగ్గుతోనే కాయలన్నీ బుట్టలో పెట్టుకుని గల్లీలో ఇంటింటికీ ఒక ఆనపకాయా, దానితో ఒక విజిటింగ్ కార్డూ పంచాడు. కాయ తీసుకున్నవాళ్ళంతా పథకం చాలా మంచిదన్నారు.

ఇక నష్టం చేసే పని మొదలైంది. కంతుల మీద ఏసీ వచ్చింది. బయట పదకొండు డిగ్రీల చలి. ఏసీని పదహారు మీద పెడితే, గది అంతకన్నా చల్లగా ఉండటంతో పాపం దానికి పనే దొరక్క ఆగిపోయేది. ఇలా అయితే మూడొందల యూనిట్లు ఎప్పటికి అవుతాయి? సత్యప్రసాద్ ఒక రోజంతా ఆలోచించి హీటరు కూడా తెచ్చాడు. హీటరు గదిని వేడి చేస్తుంది, ఏసీ చల్లబరుస్తుంది, మధ్యలో మీటరు తిరుగుతుంది. ఇంజనీర్లకు తట్టని ఏర్పాటు ఇది.

“ఏటండీ ఇది? ఊరంతా సలిమంటలేసుకుంటంటే మనింట్లో ఏసీ ఏటి? ఇరుగూ పొరుగూ ఏటనుకుంటారు?” అంది భార్య పద్మకుమారి, మంకీ క్యాపు లోంచి.

“దేశసేవ అనుకుంటారు.”

“మీకు మతి పోయిందనుకుంటన్నారు. పక్కింటామె అడిగీసింది కూడాను.”

కూతురు శ్వేత ఏమీ వాదించలేదు. “పాపా, ఆప్ కర్‌తే రహియే,” అని, మీరు కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపి, దుప్పటి పట్టుకుని తాత పక్కన వరండాలోకి పోయింది.

మూడో బిల్లు నాలుగొందల పన్నెండు యూనిట్లు వచ్చింది. మహతో దాన్ని చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “శభాష్ సత్య బాబూ! దుస్థితి అంటే ఇదీ! మూడు నెలల్లో ఇంత దిగజారిన ఇల్లు జిల్లాలో ఇంకోటి లేదు,” అని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఆ మాటకి సత్యప్రసాద్ కళ్ళు చెమర్చాయి. పద్దెనిమిదేళ్ళలో తనని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు.

ఏప్రిల్‌లో పలకలు వచ్చాయి. డాబా నిండా నల్లగా నిగనిగలాడుతూ, పందిరి ఉన్న జాగాలోనే కూర్చున్నాయి. అయితే వాటి కరెంటు ఇంట్లోకి రావాలంటే నెట్ మీటరని ఇంకో పెట్టె బిగించాలి. అది రాంచీలో బయలుదేరిందని మహతో సంతకం పెట్టిన రోజే చెప్పారు. దారిలో ఎక్కడుందో తెలియదు. అది రాకపోయినా ‘ఆఫ్టర్’ బిల్లు మాత్రం తగ్గి తీరాలి కాబట్టి సత్యప్రసాద్ ఏసీనీ హీటరునీ వచ్చిన ధరకి అమ్మేశాడు. రెండు ఫ్యాన్లకి గాను ఒక ఫ్యాను కట్టేశాడు. జనవరిలో ఏసీ వేసుకుని, మేలో ఫ్యాను ఆపుకున్న ఇల్లు ఈ దేశంలో అదొక్కటే అయ్యుంటుంది.

ముసలయ్య మంచం ఇప్పుడు కింద గదిలో ఉంది. డాబా కాలి గది పెనంలా ఉండేది. ఒక రోజు ఆయన పైకెళ్ళి, పలకల కింద మూరెడు జాగాలో నీడ ఉంది కదా అని పాక్కుంటూ దూరాడు. దూరడం దూరాడు గాని బయటికి రాలేకపోయాడు. ఇద్దరు మనుషులు కాళ్ళు పట్టుకుని లాగారు. పలకలు బిగించిన కంపెనీ వాడు వచ్చి, కింద మనిషి ఉంటే వారంటీ చెల్లదని కాయితం చూపించాడు.

ఆ తర్వాత ముసలయ్య నీడని వెతుక్కుంటూ గల్లీలో తిరిగేవాడు. ఒకసారి మిట్టమధ్యాహ్నం సత్యప్రసాద్ ఇంటికొస్తుంటే, ఎదురింటి ప్రహరీ గోడ పక్కన జానెడు నీడలో, నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు తండ్రి. నీడ జరిగినప్పుడల్లా ఆయనా ఒక అడుగు జరుగుతున్నాడు. సత్యప్రసాద్‌కి ఏడుపొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. అతను ఆకులు కూడా ముందే కోయించేశాడు. అక్కడే కూలబడి ఏడ్చేవాడే గాని, మంత్రిగారికి బంతిపూలా, గులాబీలా అని పూలదండల వాడు ఫోన్ చేశాడు.

పన్నెండింటికి రావలసిన మంత్రిగారు రెండున్నరకి వచ్చారు. నలభై నాలుగు డిగ్రీల ఎండ. మంత్రిగారు దిగినా ఆయన పెద్ద తెల్ల బండి ఇంజను ఆపలేదు. తిరిగి ఎక్కేసరికి సీటు చల్లగా ఉండాలని నియమం. ఆ చప్పుడులోనే మంత్రిగారు ఇంధనం పొదుపు గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. స్విచ్చి నొక్కారు. బల్బు వెలిగింది. దాని వైరు పక్కింటి కిటికీలోంచి వస్తోందన్న సంగతి మహతోకీ, సత్యప్రసాద్‌కీ, పక్కింటివాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. ఈ ఇంటి వాడకం నాలుగొందల పన్నెండు యూనిట్ల నుంచి నలభై తొమ్మిదికి పడిపోయిందని మహతో చదివాడు. చప్పట్లు మోగాయి. సత్యప్రసాద్ కూడా కొట్టాడు, తన చేతులేనా అని ఒకసారి చూసుకుని.

“ఇప్పుడు ఇంటి పెద్ద ముసలయ్య గారు తమ అనుభవం చెబుతారు,” అన్నారు మైకులో.

ముసలయ్య లేడు. ఇంట్లో చూశారు, డాబా మీద చూశారు, పలకల కింద కూడా వంగి చూశారు. చివరికి మంత్రిగారి బండిలో దొరికాడు. వెనక సీట్లో కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇస్త్రీ పంచె, భుజాన శాలువా చూసి, ఎవరో పార్టీ పెద్దాయన అనుకుని డ్రైవరే తలుపు తీశాడట.

“నాన్నా, దిగు. అందరూ సూత్తన్నారు,” అన్నాడు సత్యప్రసాద్, కిటికీ దగ్గర వంగి.

“సూడనీరా. తలుపెయ్యి, ఏడొచ్చేత్తంది.”

అంతలో మంత్రిగారూ, వెనకాల కెమెరాలూ వచ్చాయి. మంత్రిగారు ముప్పై ఏళ్ళుగా రాజకీయాల్లో ఉన్నవారు. గబుక్కున పక్కన కూర్చుని ముసలాయన చెయ్యి పట్టుకున్నారు. “బాబా, ఠండక్ హై?” అన్నారు.

“బాగా సల్లగుంది బాబూ. ఇన్నాళ్ళకి పేణం లేచొచ్చింది,” అన్నాడు ముసలయ్య కళ్ళు తెరవకుండానే.

ఏమన్నారని విలేఖరులు అడిగారు. బండి చుట్టూ మూగినవాళ్ళలో తెలుగొచ్చినవాడు సత్యప్రసాద్ ఒక్కడే. అతను తండ్రి ముఖం చూశాడు, మంత్రిగారి ముఖం చూశాడు. “ఇన్నాళ్ళకి మా ఇల్లు చల్లబడిందంటున్నారు,” అని హిందీలో చెప్పాడు. చెప్పేశాక నోరు కడుక్కోవాలనిపించింది. నీళ్ళు దగ్గర్లో లేవు.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలో ముసలయ్య ముఖం. బండి కనబడకుండా తీశారు. ‘రాయితీతో చల్లబడిన ఇంట్లో సేదదీరుతున్న లబ్ధిదారుడు’ అని కింద రాశారు. పదింటికి జిల్లా నాయకుడు ఫోన్ చేశాడు. మండల్ అధ్యక్ష పదవి సంగతి తర్వాత చూద్దామన్నాడు. మంత్రిగారికి ముసలాయన ముఖం తెగ నచ్చిందట. ఆయన్ని పథకానికి ‘రాష్ట్ర హరిత దూత’గా నియమించారట. ఊరూరా తిప్పుతారట, రేపే మొదలు. సత్యప్రసాద్ వెంట ఉండి తెలుగు నుంచి హిందీలోకి చెప్పాలి, ఇప్పటిలాగే.

సత్యప్రసాద్ వెళ్ళి తండ్రికి ఇదంతా వివరంగా చెప్పాడు. ముసలయ్య ఎదురింటి గోడ దగ్గర నిలబడే విన్నాడు.

“నానేటి సెప్పాల?”

“మా ఇల్లు సల్లగుంది అని సెప్పాల నాన్నా. అంతే.”

ముసలయ్య గోడ వెంబడి ఒక అడుగు జరిగాడు.

“బండిలో కూకుని సెప్పొచ్చేటి?”