ఆదర్శ అద్దెదారుల చెమ్మ భాగ్యం

ఇంట్లో వెచ్చదనం మనిషిని పాడుచేస్తుంది. నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను! న్యూజీలాండ్‌లోని డనీడిన్‌లో, దక్షిణం వైపు తిరిగిన అద్దె ఇంట్లో మూడు చలికాలాలు గడిపినవాణ్ణి. ఈ దేశంలో ఉత్తరాన తిరిగే సూర్యుడు మా వీధికి వస్తాడు కానీ ఎదురింటి వరకే. మాతో ఆయనకు మాటల్లేవు.

వెచ్చటి ఇళ్లలో ఏం జరుగుతుందో చూశారుగా? తలా ఒక గది, తలా ఒక తలుపు. మా ఇంట్లో ఉన్నది ఒకటే హీటరు, అదీ నడవాలో. కాబట్టి నేను, నా భార్య నైరీ, మా ఏడేళ్ల కూతురు హూయా నడవాలోనే తింటాం, నడవాలోనే హోంవర్కు చేస్తాం, నడవాలోనే పోట్లాడుకుంటాం. అలిగి వెళ్లడానికి ఇంకో వెచ్చటి చోటు లేకపోతే కాపురం ఎంత గట్టిపడుతుందో మీకేం తెలుసు?

నడి చలికాలం జులైలో ఫ్రిజ్ తలుపు తీస్తే ముఖానికి వెచ్చగా తగులుతుంది. వెన్నను బ్రెడ్డుకు రాయలేం, చెక్కాలి. అల్మారాలో నా నల్ల బూట్లకు ఆకుపచ్చ బొచ్చు మొలిచింది. ఇంకో నెల ఆగితే మొరుగుతాయేమో!

ఇక చదువు. హూయా గది కప్పు మీద బూజు దేశపటం గీస్తోంది. ఉత్తర దీవి మే మొదట్లోనే పూర్తయింది, దక్షిణ దీవి మే చివర్లో. అడుగున మిగిలిన చిన్న స్టూవర్ట్ దీవి ఎప్పుడొస్తుందా అని పిల్ల రోజూ వెల్లకిలా పడుకుని ఎదురుచూస్తుంది. ఏ బడిలో ఇంత శ్రద్ధగా భూగోళం నేర్పుతారు?

మా ఇంటి ఏజెంటు ట్రూడీ గారి దగ్గర సలహాలకు లోటు లేదు. చలి అంటే ఇంకో స్వెట్టరు వేసుకోమంటారు. గోడలు కారుతున్నాయంటే కిటికీలు తెరవమంటారు. బంగాళాదుంపలు ఉడికిస్తే ఆవిరి రాదా, స్నానం చేస్తే రాదా అని అడుగుతారు. "మనిషి ఊపిరి తీసుకున్నా తేమేనండీ" అని ఒకసారి తేల్చేశారు. అంటే తప్పు గోడలది కాదు, మా ముక్కులది.

ఆ సలహా మా ఇంట్లో హూయా ఒక్కతే పాటించింది. జూన్‌లో ఊపిరి తీసుకోవడం బాగా తగ్గించింది. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందని డాక్టర్లు ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. రెండో రోజు కళ్లు తెరిచి, దుప్పటి తన్నేసి, పక్కనున్న పొడి గోడను అరచేత్తో తడిమి చూసింది.

"నాన్నా, ఇది అద్దెకిస్తారా?" అంది.

నాకు ఏడుపొచ్చింది.

ఇంటికి రాగానే పిల్ల గదికి హీటరు పెట్టించమని ఉత్తరం రాశాను. జవాబుగా ట్రూడీ గారు పన్నెండు తనిఖీ రిపోర్టులు పంపారు, ఫొటోలతో సహా. మూడు నెలలకొకటి, మూడేళ్లవి. ప్రతిదానిలో ఒకే మాట: ఇల్లు వెచ్చగా, పొడిగా ఉంది, ఆదర్శ అద్దెదారులు, మరమ్మతులు అక్కర్లేదు.

ఆ ఫొటోల్లో అబద్ధం లేదండీ! ఏజెంటు మంచిమాట లేనిదే ఈ ఊళ్లో ఇంకో ఇల్లు దొరకదు. అందుకని తనిఖీ రోజున తెల్లారకముందే లేచి గోడలూ కప్పులూ అన్నీ బ్లీచ్‌తో తుడిచేవాళ్లం. పక్కింటి ఫిలిపో దగ్గర రెండు హీటర్లు అడిగి తెచ్చేవాళ్లం. నేను హెయిర్ డ్రయ్యర్‌తో కార్పెట్ ఆరబెడుతుంటే నైరీ స్కోన్లనే బన్నులు కాల్చేది. ట్రూడీ గారు వచ్చి, ఎంత హాయిగా ఉందో అని మెచ్చుకుని, రెండు స్కోన్లు తిని వెళ్లేవారు. మా పిల్ల తరఫు సాక్ష్యాన్ని మూడేళ్లపాటు మా చేతులతో మేమే తుడిచేశాం, నిమ్మ వాసన వచ్చేలా.

పోయిన గురువారం పదమూడో తనిఖీ. మేం దేన్నీ ముట్టుకోలేదు. స్కోన్లూ లేవు. ట్రూడీ గారు ఇక్కడ అందరిలాగే గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికి నడిచారు. హూయా మంచం దగ్గర ఆగిపోయారు. ఒక కాలు ఎత్తి చూసుకున్నారు. తర్వాత రెండోది.

హూయా పరుగున వెళ్లి ఏదో తెచ్చింది. "ఇవి వేసుకో ఆంటీ. హాస్పిటల్లో ఇచ్చారు. వేడినీళ్ల ట్యాంకు మీద దాచుకున్నా, ఇవొక్కటే తడవలేదు."

ట్రూడీ గారు ఆ బుల్లి మేజోళ్లు చేతిలో పట్టుకుని కప్పుకేసి చూశారు. "ఇది ఇంతకుముందు లేదే?"

"ఉంది," అంది నైరీ. "మీరొస్తున్నారని తుడిచేవాళ్లం."

ఆవిడ మేజోళ్లు పిల్లకి తిరిగిచ్చేసి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు.

నిన్న రిపోర్టు వచ్చింది. గోడలు తడి. పిల్ల గదికి హీటరు అత్యవసరం. అద్దెదారుల శుభ్రత మునుపటిలా లేదు.

నా జన్మలో ఇంత కమ్మటి తిట్టు తినలేదు! దాన్ని టేపుతో నడవా గోడకు అంటించాను. టీ పెట్టుకుని వచ్చేసరికి ఊడి నేలమీద పడి ఉంది, సగం తడిసి. హీటరు వచ్చేదాకా అది వేడినీళ్ల ట్యాంకు మీదే ఉంటుంది, హూయా మేజోళ్ల పక్కన.